ట్యూబ్‌లైటుకు చోక్ ఎందుకంటే...

పాతరకం 36 వాట్ల ట్యూబ్‌లైటు ఒకటి తీసుకోండి. నాలుగడుగుల పొడుగు, 26 మిల్లీమీటర్ల లావు. వెలుగుతున్నప్పుడు దాని కొసల మధ్య సుమారు 103 వోల్టులు ఉంటాయి, లోపల 0.43 ఆంపియర్ల కరెంటు పారుతుంది. ఆ 103లో ఓ 15 వోల్టులు కొసల్లోని ఫిలమెంట్ల దగ్గరే ఖర్చయిపోతాయి. మిగిలిన 88 వోల్టులు 1.1 మీటర్ల వాయుస్తంభం మీద పరుచుకుంటాయి. అంటే మీటరుకు 80 వోల్టులు. గొట్టం లోపలి అడ్డుకోత వైశాల్యం 4.5 చదరపు సెంటీమీటర్లు కాబట్టి చదరపు మీటరుకు 950 ఆంపియర్ల చొప్పున కరెంటు పోతోంది. 950ని 80తో భాగిస్తే వాహకత, అంటే కరెంటును ఎంత సులువుగా పోనిస్తుందన్న కొలత, వచ్చేస్తుంది: మీటరుకు 12 సీమెన్స్.

మెరీనా దగ్గర సముద్రపు నీటి వాహకత మీటరుకు 5 సీమెన్స్ చిల్లర ఉంటుంది. రాగిది ఆరు కోట్లకు కాస్త తక్కువ. గొట్టంలో ఉన్నదేమో 3 టార్ల (టార్ అంటే ఒక మిల్లీమీటరు పాదరసపు పీడనం) ఆర్గాన్, చిటికెడు పాదరసపు ఆవిరి. వాతావరణ పీడనంలో రెండువందల యాభయ్యో వంతు మాత్రమే ఉన్న ఈ వాయువు ఉప్పునీళ్ల కంటే రెట్టింపు బాగా కరెంటును మోస్తోంది. అదీ రెండు లక్షల అణువులకు ఒక్కటి చొప్పున మాత్రమే ఎలక్ట్రాన్ పోగొట్టుకుని అయాన్ అయి ఉండగా. మిగతావన్నీ ఏ ఆవేశమూ లేని మామూలు అణువులు.

ఇలాంటిదాన్ని బలహీనంగా అయనీకరణం చెందిన ప్లాస్మా అంటారు. మాట బరువుగా ఉంది కాబట్టి ఇక్కడ అరకొర ప్లాస్మా అనుకుందాం. ప్లాస్మా అన్న పేరును వాయువుకు తగిలించింది అమెరికన్ శాస్త్రవేత్త లాంగ్మ్యూర్, 1928లో. ఆయన పనిచేసిందీ ఇలాంటి తక్కువ పీడనపు పాదరసపు గొట్టాల మీదే. ప్లాస్మా అనగానే సూర్యుడి గర్భమూ ఫ్యూజన్ యంత్రాలూ చెప్పే అలవాటు తర్వాత వచ్చింది.

అరకొర ప్లాస్మాలో వాహకతకు సూత్రం ఒక్క ముక్కే. ఎలక్ట్రాన్ల సాంద్రతను ఎలక్ట్రాన్ ఆవేశపు వర్గంతో గుణించి, దాన్ని ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి, సెకనుకు ఢీల సంఖ్య, ఈ రెండింటి లబ్ధంతో భాగించాలి. మారని అంకెలన్నీ కలిపేస్తే 2.82 × 10⁻⁸ అన్న గుణకం మిగులుతుంది. ఘనపు మీటరుకు ఎన్ని ఎలక్ట్రాన్లో ఆ అంకెను దీంతో గుణించి, ఢీల రేటుతో భాగిస్తే మీటరుకు సీమెన్స్‌లో జవాబు. ఇక్కడ ఢీ అంటే తటస్థ అణువును గుద్దుకుని ఎలక్ట్రాన్ తన దిశను మరిచిపోవడం. విద్యుత్ క్షేత్రం దాన్ని ఒకవైపు లాగుతుంటుంది, ప్రతి ఢీ ఆ సంపాదనను తుడిచేస్తుంది. అయాన్లు కూడా ఎదురుదిక్కుకు కదులుతాయి గానీ, ఎలక్ట్రాన్‌తో పోలిస్తే వేల, లక్షల రెట్లు బరువైనవి కాబట్టి కరెంటులో వాటి వాటా అరశాతం కూడా ఉండదు. వాటి పని వేరు. ఎలక్ట్రాన్ల గుంపు ఒకదాన్నొకటి తోసుకుని చెదిరిపోకుండా మధ్యలో ధనావేశమై నిలబడటం.

ట్యూబ్‌లైటు అంకెలనే ఇందులో వేద్దాం. 3 టార్లు, 40 డిగ్రీల దగ్గర ఘనపు మీటరుకు 9 × 10²² ఆర్గాన్ అణువులుంటాయి. ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత 1 ఎలక్ట్రాన్‌వోల్టు, అంటే 11,600 కెల్విన్. గాజు మాత్రం చేత్తో పట్టుకోగలిగేంత వెచ్చన. ఒకే గొట్టంలో రెండు ఉష్ణోగ్రతలేమిటి అనిపిస్తుంది. ఎలక్ట్రాన్ బరువు ఆర్గాన్ అణువులో 73,000వ వంతు. గోడకు కొట్టిన బంతిలా దిశ మారుతుంది తప్ప ఒక ఢీలో ఇచ్చే శక్తి ఏమంత ఉండదు. అందుకే ఎలక్ట్రాన్లు మండుతున్నా వాయువు చల్లగా ఉంటుంది. 1 ఎలక్ట్రాన్‌వోల్టు దగ్గర ఎలక్ట్రాన్ల సగటు వేగం సెకనుకు 670 కిలోమీటర్లు. ఆర్గాన్ అణువు ఢీకి చూపే మధ్యచ్ఛేదం, అంటే ఎలక్ట్రాన్‌కు అది ఎంత పెద్ద గురిగా కనబడుతుందన్న వైశాల్యం, 1.5 × 10⁻²⁰ చదరపు మీటర్ల చుట్టుపక్కల. మూడింటినీ గుణిస్తే సెకనుకు దాదాపు వంద కోట్ల ఢీలు, అంటే నానోసెకనుకు ఒకటి. వాహకత 12 కావాలంటే ఎలక్ట్రాన్ల సాంద్రత 4 × 10¹⁷ ఉండాలి. రెండు లక్షలకు ఒకటి అన్న నిష్పత్తి ఇక్కడినుంచే వచ్చింది. ఇవే ఎలక్ట్రాన్లు క్షేత్రం వెంబడి జరిగే వేగం సెకనుకు 14 కిలోమీటర్లు. వాటి చిందరవందర వేగంలో అది రెండు శాతం.

ఇక్కడ కాస్త ఆగాలి. చాలా పాఠాలు ఢీల రేటును వాయు సాంద్రతను బట్టి వచ్చే స్థిరాంకంలా చూపించి దాటేస్తాయి. నిజానికి అసలు తమాషా అంతా అందులోనే ఉంది. ఆర్గాన్ అణువు మధ్యచ్ఛేదం ఎలక్ట్రాన్ శక్తిని బట్టి విపరీతంగా మారుతుంది. 0.2–0.3 ఎలక్ట్రాన్‌వోల్టుల దగ్గర ఎలక్ట్రాన్‌కు ఆర్గాన్ దాదాపు కనబడదు. మధ్యచ్ఛేదం 10⁻²¹ స్థాయికి పడిపోతుంది. 10 ఎలక్ట్రాన్‌వోల్టులకు చేరేసరికి దానికి వంద రెట్లు దాటుతుంది. రామ్‌సౌర్ 1921లో చూపిన ఈ గుంట క్వాంటం సిద్ధాంతం వచ్చేదాకా ఎవరికీ అర్థం కాలేదు. ఎలక్ట్రాన్‌ను తరంగంగా చూస్తే తప్ప లెక్క కుదరదు.

ఇప్పుడు గొట్టంలోనుంచి పాదరసం తీసేశామనుకోండి. శుద్ధ ఆర్గాన్‌లో ఎలక్ట్రాన్లు శక్తి పోగొట్టుకోవడానికి 11.5 ఎలక్ట్రాన్‌వోల్టుల కింద ఒక్క మెట్టు కూడా లేదు. సంపాదనే తప్ప ఖర్చు లేని సంసారంలా వేడెక్కుతూ పోతాయి. ఉష్ణోగ్రత 2 ఎలక్ట్రాన్‌వోల్టులు దాటుతుంది, మధ్యచ్ఛేదం పెరుగుతుంది, ఢీల రేటు టారుకు సెకనుకు 500 కోట్ల స్థాయికి ఎక్కుతుంది. పాదరసం కలిస్తే 4.9 ఎలక్ట్రాన్‌వోల్టుల దగ్గరే ఖర్చు మొదలవుతుంది. ట్యూబులో 254 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి పుట్టేది ఆ ఖర్చులోంచే, గోడకు పూసిన పొడిని వెలిగించేదీ అదే. ఎలక్ట్రాన్లు చల్లబడి రామ్‌సౌర్ గుంట వైపు జారతాయి. టారుకు ఢీల రేటు పది పదిహేను రెట్లు తగ్గుతుంది. పాదరసం అయాన్ కావడానికి 10.4 ఎలక్ట్రాన్‌వోల్టులు చాలు, ఆర్గాన్‌కు 15.8 కావాలి. కాబట్టి వాయువులో అయిదువందలో వంతు మాత్రమే ఉన్న పాదరసమే దాదాపు అయాన్లన్నిటినీ సరఫరా చేస్తుంది. ఎలక్ట్రాన్లకు దారినిచ్చేది ఆర్గాన్, ఎలక్ట్రాన్లను కనేది పాదరసం. పప్పులో ఉప్పు కొలత తప్పితే ఏమవుతుందో అలాగే, పాదరసపు ఆవిరి పీడనం తప్పితే దీపం చెడుతుంది. గోడ 40 డిగ్రీలుంటే ఆ పీడనం 0.8 పాస్కల్, 20 డిగ్రీలకు దిగితే 0.17. బెంగళూరు డిసెంబరు తెల్లవారుజామున వరండాలో ట్యూబు వెలిగీ వెలగక, నీరసంగా, లోపల పాములు పాకుతున్నట్టు కనిపించడానికి కారణం చాలావరకు ఇదే. చెన్నై మే నెలలో ఆ బాధ ఉండదు.

ఇంతకీ చోక్ సంగతి. చోక్ అంటే ట్యూబుకు సిరీస్‌లో కలిపే తీగచుట్ట. రాగి తీగకు వాహకత దాని సొంత గుణం. కరెంటు రెట్టింపు చేస్తే వోల్టేజీ రెట్టింపవుతుంది, వాహకత అలాగే ఉంటుంది. అరకొర ప్లాస్మాలో ఆ వరస చెల్లదు. గొట్టంలో ప్రతి ఎలక్ట్రానూ ఏదో ఒక క్షణాన గోడకు చేరి అయాన్‌తో కలిసి మాయమవుతుంది. పోయిన ప్రతిదానికీ బదులు ఇంకొకటి అయనీకరణంతో పుట్టాలి. పుట్టుక రేటును నిర్ణయించేది ఎలక్ట్రాన్ల ఉష్ణోగ్రత. చావు రేటును నిర్ణయించేది గొట్టం లావు, వాయు పీడనం. రెండూ సరిపోయే ఉష్ణోగ్రత ఒక్కటే ఉంటుంది. ఆ ఉష్ణోగ్రతను నిలబెట్టే విద్యుత్ క్షేత్రమూ ఒక్కటే. ఈ తూకంలో కరెంటు ఎక్కడా లేదని గమనించండి. అంటే కరెంటు ఎంత పంపినా క్షేత్రం దాదాపు అంతే ఉంటుంది. కరెంటు రెట్టింపయితే ఎలక్ట్రాన్ల సంఖ్య రెట్టింపై, వాహకత తనంతట తనే రెట్టింపవుతుంది. వాయువు వేడెక్కడం, ఇప్పటికే ఉత్తేజితమైన పాదరసపు అణువులు మెట్లు మెట్లుగా అయాన్లు కావడం వల్ల క్షేత్రం కొంచెం తగ్గుతుంది కూడా. వోల్టేజీ పెరగకుండా కరెంటు పెరిగిపోగల వస్తువును నేరుగా 230 వోల్టుల మీద పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఫిలమెంటన్నా పోతుంది, ఫ్యూజన్నా పోతుంది. 36 వాట్ల ట్యూబుకు సిరీస్‌లో 400 ఓమ్‌లకు అటూఇటుగా ఉండే చోక్ పెట్టేది ఇందుకే. ట్యూబులో కరెంటు ఎంతో నిర్ణయించేది చోక్. ఆ కరెంటుకు తగ్గ వాహకతను ప్లాస్మా సమకూర్చుకుంటుంది.

స్క్రూడ్రైవరు టెస్టరులోనూ ఇదే కథ, చిన్న సైజులో. నియాన్ బల్బు 65–90 వోల్టుల మధ్య వెలుగుతుంది, వెలిగాక 55–60 దగ్గర నిలుస్తుంది. దాని వెనక మెగోమ్ స్థాయి రెసిస్టరు ఉంటుంది కాబట్టే మీ వేలి గుండా మిల్లీఆంపియరులో చిన్న భిన్నం మాత్రమే పోతుంది. ఆ రెసిస్టరు పగిలిపోయిన టెస్టరును దయచేసి పారెయ్యండి.

ఎలక్ట్రానిక్ చోక్ గురించి ఒక మాట. 50 హెర్ట్‌జ్‌లో కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది. ఆ కొన్ని మిల్లీసెకన్లలో ఎలక్ట్రాన్లు గోడకు చేరి తగ్గిపోతాయి, మళ్లీ పుట్టించాలి. అందుకే ఆసిలోస్కోపులో వోల్టేజీ, కరెంటుల బొమ్మ గీతలా కాక ఉచ్చులా కనిపిస్తుంది. 20–50 కిలోహెర్ట్‌జ్‌లో నడిపితే వాటికి తగ్గే వ్యవధే దొరకదు. సాంద్రత సగటు విలువ దగ్గర గడ్డకట్టుకుపోతుంది, ఉచ్చు మూసుకుపోయి తిన్నటి గీత అవుతుంది. అదే గొట్టం ఇప్పుడు ఓమ్ సూత్రం పాటించే మంచి రెసిస్టరులా ప్రవర్తిస్తుంది, ఒక్కో చక్రం లోపల మాత్రమే. 36 వాట్ల వెలుగును 32 వాట్లతో ఇస్తుంది కూడా.

కొలవాలనుకునే వాళ్ల కోసం బల్ల మీది లెక్క. బెంగళూరు, చెన్నై కాలేజీల్లో ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఇది బాగా సరిపోతుంది. లోపలి వ్యాసం 25 మిల్లీమీటర్లు, ఎలక్ట్రోడ్ల మధ్య 40 సెంటీమీటర్లు ఉన్న గాజు గొట్టం, స్టీలు ఎలక్ట్రోడ్లు, రోటరీ పంపు, నీడిల్ వాల్వ్, ఆర్గాన్ సిలిండరు, 2 కిలోవోల్టులు 30 మిల్లీఆంపియర్లు ఇచ్చే డీసీ సప్లై. సిరీస్‌లో 50 కిలోఓమ్‌లు తప్పనిసరి. 10 కిలోఓమ్, 10 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్లు అయిదు వరసగా కలపండి. 20 మిల్లీఆంపియర్ల దగ్గర ఒక్కోదాని మీద 200 వోల్టులు, 4 వాట్లు పడతాయి, హాయిగా మోస్తాయి. బెంగళూరు ఎస్పీ రోడ్డులోనో చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో ఇవి దొరుకుతాయి. ఒకే రెసిస్టరుతో సరిపెట్టాలనుకుంటే దాని వాట్లు చూసి మురిసిపోకండి, అది తట్టుకునే వోల్టేజీ కూడా అడగండి.

పుంజుకోవడం మొదటి చిక్కు. 1 టార్ దగ్గర 40 సెంటీమీటర్ల ఆర్గాన్‌ను వెలిగించాలంటే 1500 వోల్టుల స్థాయి కావాలి. పాషెన్ 1889లో చూపినట్టు ఆ వోల్టేజీ పీడనం, దూరాల లబ్ధాన్ని బట్టి ఉంటుంది. కాబట్టి 0.1–0.2 టార్‌కు దించి వెలిగించి, తర్వాత మెల్లగా ఆర్గాన్ వదిలి 1 టార్‌కు రండి. సప్లై మీద అంత భారం ఉండదు.

అసలు తప్పు ఎక్కువమంది చేసేది తర్వాత. ఎలక్ట్రోడ్ల మధ్య వోల్టేజీ కొలిచి, 40 సెంటీమీటర్లతో భాగించి అదే క్షేత్రం అనేస్తారు. కేథోడ్ ముందరి కొన్ని మిల్లీమీటర్లలోనే వందల వోల్టులు పడిపోతాయి. ఆ లెక్కలో వచ్చే వాహకత అసలుదాంట్లో పదో వంతు కూడా ఉండకపోవచ్చు. దీనికి మందు, వెలుగుతున్న పొడవాటి స్తంభంలో 10 సెంటీమీటర్ల ఎడంతో రెండు టంగ్‌స్టన్ ప్రోబ్‌లు పెట్టడం. తీగ 0.3 మిల్లీమీటర్లు, గాజు తొడుగు, కొసన 3 మిల్లీమీటర్లు మాత్రం బయటికి. కేథోడ్ దగ్గరి చీకటి భాగాలకు బాగా ఎడంగా, ఆనోడ్ వైపు ఉండాలి. ఆనోడ్‌ను ఎర్త్ చేసి కేథోడ్‌కు మైనస్ వోల్టేజీ ఇవ్వండి. అప్పుడు ప్రోబ్‌లు భూమికి పదుల వోల్టుల్లోనే ఉంటాయి. అటుఇటు చేస్తే మీ మల్టీమీటరు వందల వోల్టుల మీద తేలుతూ ఉంటుంది. పంపు గొట్టం కూడా ఆనోడ్ వైపే ఉండాలి. లేకపోతే డిశ్చార్జి ఎర్త్ అయిన లోహపు పైపులోకి దూరి, గొట్టాన్ని వదిలేసి పంపుతో కాపురం పెడుతుంది.

20 మిల్లీఆంపియర్లకు ప్రోబ్‌ల మధ్య 20 వోల్టులు చూపించిందనుకోండి. క్షేత్రం మీటరుకు 200 వోల్టులు, కరెంటు సాంద్రత చదరపు మీటరుకు 41 ఆంపియర్లు, వాహకత 0.2 సీమెన్స్. ఢీల రేటు 500 కోట్లుగా తీసుకుంటే ఎలక్ట్రాన్లు ఘనపు మీటరుకు 3.6 × 10¹⁶. ఇది గొట్టం అడ్డంగా సగటు. నడిమధ్యన దీనికి 2.3 రెట్లుంటుంది, గోడ దగ్గర దాదాపు సున్నా. మైక్రోవేవ్‌తో కొలిచిన అంకెతో పోల్చేటప్పుడు ఈ 2.3 మరిచిపోయి రెండు పద్ధతులూ కలవట్లేదని తల పట్టుకునేవాళ్లు ఎక్కువే.

మల్టీమీటరు కూడా అమాయకురాలు కాదు. 10 మెగోమ్‌ల మీటరు 20 వోల్టుల దగ్గర 2 మైక్రోఆంపియర్లు లాగుతుంది. పైన చెప్పిన ప్రోబు కొస ఈ ప్లాస్మాలో ఇవ్వగల అయాన్ కరెంటు 20 మైక్రోఆంపియర్లకు కాస్త పైన. తేడా 0.4 వోల్టులు, అంటే రెండు శాతం, క్షమించేయొచ్చు. కరెంటును 5 మిల్లీఆంపియర్లకు తగ్గిస్తే ప్రోబు ఇవ్వగలిగేది 5 మైక్రోఆంపియర్లే, తప్పు ఎనిమిది శాతానికి ఎక్కుతుంది. అప్పుడు కరెంటు తగ్గితే క్షేత్రం కూడా తగ్గుతోందన్న అబద్ధపు ఫలితం వస్తుంది. సిరీస్‌లో 90 మెగోమ్‌లు పెట్టి మీటరు అంకెను పదితో గుణించుకోండి.

పీడనం కొలతలో రెండు ఉచ్చులున్నాయి. పిరానీ గేజ్ వాయువు వేడిని మోసుకుపోయే తీరును చూసి పీడనం చెబుతుంది, అది గాలికి లెక్కగట్టినది. ఆర్గాన్ వేడిని తక్కువ మోస్తుంది కాబట్టి గేజ్ తక్కువ చూపిస్తుంది. 1 టార్ లోపల దాని అంకెను సుమారు 1.6తో గుణించాలి. 1 టార్ దాటాక ఆ గుణకం కూడా అదుపు తప్పుతుంది, అక్కడ కెపాసిటెన్స్ మానోమీటరే దిక్కు. రెండోది బెంగళూరు వాళ్లకు ప్రత్యేకం. ముల్లు తిరిగే బోర్డన్ వాక్యూమ్ గేజ్ బయటి గాలితో పోల్చి చూపిస్తుంది. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తు, వాతావరణ పీడనమే 683 మిల్లీమీటర్ల పాదరసం. పంపు ఎంత బాగా పనిచేసినా ముల్లు అక్కడే ఆగుతుంది. 760 రాలేదని పంపు విప్పదీసి నూనె మార్చి సీళ్లు మార్చిన ప్రాజెక్టులకు కొదవ లేదు. చెన్నైలో అదే పంపు 755–760 చూపిస్తుంది.

చెన్నైది ఇంకో బాధ, చెమ్మ. గొట్టం తెరిచి మూసిన ప్రతిసారీ గాజు మీద నీటి పొర కూర్చుంటుంది, పంపు నూనె పాలవిరుగుడులా మారుతుంది. గ్యాస్ బలాస్ట్ (పంపులోకి కాస్త గాలి వదిలే వాల్వ్) తెరిచి 20–30 నిమిషాలు నడిపించి అప్పుడు మొదలుపెట్టండి. నీటి అణువు ఎలక్ట్రాన్‌కు పెద్ద అడ్డంకి. ఆక్సిజన్ అయితే ఎలక్ట్రాన్‌ను ఏకంగా పట్టేసుకుని ఋణ అయాన్ అయిపోతుంది. ఋణ అయాన్ బరువు ఎలక్ట్రాన్‌కు వేల రెట్లు, కరెంటు లెక్కలో చచ్చిన ఎలక్ట్రానే. ఒక శాతం గాలి కలిసినా క్షేత్రం పెరుగుతుంది, ఆర్గాన్ లేత వంగపండు రంగు గులాబీ వైపు తిరుగుతుంది. కారడం వల్లా, గోడలు ఆవిరి వదలడం వల్లా అని తేల్చుకోవడానికి పంపు వాల్వ్ మూసి పది నిమిషాలు పీడనం రాయండి. సరళరేఖలా పెరుగుతూ పోతే కారుతోంది. పెరిగి పెరిగి మందగిస్తే గోడలది. ఈ పరీక్ష చెయ్యకుండా తీసిన అంకెలతో గ్రాఫు గీయడం దండగ.

ఇంతా చెప్పి వోల్టేజీ జాగ్రత్త చెప్పకపోతే ఎలా. 2 కిలోవోల్టులు, 30 మిల్లీఆంపియర్లు ప్రాణం తీయడానికి ధారాళంగా చాలు. సప్లై ఆపాక కెపాసిటర్లు ఖాళీ అయ్యాయని మీటరుతో చూసి, ఎర్త్ కడ్డీ తగిలించి, అప్పుడు చెయ్యి పెట్టండి. ఎత్తు సంగతి ఇక్కడా ఉంది. 1 సెంటీమీటరు గాలి ఖాళీ చెన్నైలో సుమారు 30 కిలోవోల్టులు ఆపితే, బెంగళూరులో గాలి సాంద్రత ఎనిమిది శాతం తక్కువ కాబట్టి 27–28 దగ్గరే తెగిపోతుంది. విద్యుత్ పరికరాల ప్రమాణాల్లో ఎత్తు సవరణ మామూలుగా 1000 మీటర్లు దాటాకే మొదలవుతుంది గనుక బెంగళూరు కాగితం మీద తప్పించుకుంటుంది.

ఇప్పటిదాకా ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి, అయాన్లను ఢీకొనడం లెక్కలోకి తీసుకోలేదు. ట్యూబ్‌లైటులో ఎలక్ట్రాన్, అయాన్ల ఢీలు సెకనుకు కోటి చిల్లర, వంద కోట్లలో ఒక శాతం. వదిలేయొచ్చు. కానీ ఆవేశాల మధ్య పనిచేసే కూలంబ్ బలం దూరంనుంచే లాగుతుంది కాబట్టి 1 ఎలక్ట్రాన్‌వోల్టు దగ్గర అయాన్ మధ్యచ్ఛేదం అణువుకంటే వేల రెట్లు పెద్దది. అయనీకరణం వెయ్యికి ఒకటి స్థాయికి చేరిందంటే ఢీలన్నీ అయాన్ల చేతికి వెళ్లిపోతాయి. అక్కడినుంచి ఎలక్ట్రాన్లు పెంచినా వాహకత పెద్దగా పెరగదు, ఢీలూ అదే నిష్పత్తిలో పెరుగుతాయి కనుక. ఉష్ణోగ్రత ఒక్కటే లెక్కకొస్తుంది. అరకొర ప్లాస్మాకూ నిండు ప్లాస్మాకూ గీత అక్కడ.

బయటినుంచి వేడిచేసి తయారుచేసే అరకొర ప్లాస్మా ఇంకో రకం. అక్కడ అందరికీ ఒకటే ఉష్ణోగ్రత, కాబట్టి వాహకత మళ్లీ పదార్థ గుణంలా ప్రవర్తిస్తుంది. మేఘనాథ్ సాహా 1920లో ఇచ్చిన సమీకరణం ఎలక్ట్రాన్ల సంఖ్య చెప్పేస్తుంది. పొయ్యి మంటల వాయువు 2600 కెల్విన్‌లో ఉన్నా అందులో ఎలక్ట్రాన్లు నామమాత్రం, ఎందుకంటే నత్రజనిని అయాన్‌గా మార్చడానికి 15.6 ఎలక్ట్రాన్‌వోల్టులు కావాలి. అందులో ఒక శాతం పొటాషియం ఆవిరి కలిపితే 4.34 చాలు. వాతావరణ పీడనంలో సాహా లెక్క వేస్తే ఘనపు మీటరుకు 1.9 × 10²⁰ ఎలక్ట్రాన్లు వస్తాయి, వాహకత పది, పదుల సీమెన్స్‌లోకి ఎక్కుతుంది. 300 డిగ్రీలు తగ్గిస్తే ఎలక్ట్రాన్లు మూడున్నర రెట్లు తగ్గిపోతాయి. తిరుగుడు టర్బైను లేకుండా వేడి వాయువును అయస్కాంతాల మధ్య పోనిచ్చి కరెంటు తీసే ఎంహెచ్‌డీ పద్ధతికి ఈ కిటుకే ఆధారం. తిరుచిరాపల్లిలో 1980లలో 5 మెగావాట్ల ఉష్ణ సామర్థ్యంతో ప్రయోగాత్మక ప్లాంటు కట్టారు. ఉష్ణోగ్రత కాస్త జారితే వాహకత ఇలా కూలిపోవడం, వేడికి పొటాషియానికి తట్టుకునే ఎలక్ట్రోడ్లు దొరక్కపోవడం ఈ పద్ధతిని ప్రపంచమంతటా వెనక్కి లాగాయి.

అయస్కాంతం పేరెత్తాక వాహకత ఒక్క అంకె కాదు. అయస్కాంత క్షేత్రంలో ఎలక్ట్రాన్ గిరగిరా తిరుగుతుంది. ఒక ఢీకీ మరో ఢీకీ మధ్య ఎన్ని చుట్లు తిరుగుతుందన్నదే ప్రశ్న. చుట్టు పూర్తయ్యేలోపే ఢీకొంటే అయస్కాంతం ఉన్నా లేనట్టే. బోలెడు చుట్లు తిరిగితే అడ్డదిశలో కరెంటు దాదాపు ఆగిపోయి, విద్యుత్, అయస్కాంత క్షేత్రాలు రెండింటికీ లంబంగా పక్కదారి పట్టే హాల్ కరెంటు మొదలవుతుంది. దీనికి అతిపెద్ద ఉదాహరణ మన నెత్తిమీదే ఉంది, 105 కిలోమీటర్ల ఎత్తున. పగలు అక్కడ ఘనపు మీటరుకు 10¹¹ ఎలక్ట్రాన్లుంటాయి, తటస్థ అణువులు వాటికి కోట్ల రెట్లు. భూమధ్యరేఖ ప్రాంతపు అయస్కాంత క్షేత్రంలో ఎలక్ట్రాన్ భ్రమణ రేటు సెకనుకు 70 లక్షల రేడియన్లు, ఢీలేమో నలభై వేల స్థాయి. ఎలక్ట్రాన్ అయస్కాంతానికి బానిస. అయాన్‌ది తలకిందులు. భ్రమణ రేటు 130 దగ్గర, ఢీలు వేలల్లో, కాబట్టి అది గాలికి బానిస.

ఈ అసమానతే దక్షిణ భారతం మీదుగా పోయే విద్యుత్ ప్రవాహానికి మూలం. పగటిపూట తూర్పు దిక్కుగా ఉండే బలహీన క్షేత్రం, అడ్డంగా పడుకున్న అయస్కాంత రేఖలు కలిసి ఎలక్ట్రాన్లను పైకి నెడతాయి. పైనా కిందా వాహకత తక్కువ కాబట్టి అవి ముందుకు పోలేక అక్కడే పేరుకుంటాయి. దాంతో నిలువుగా ఒక క్షేత్రం పుడుతుంది, అది అసలు క్షేత్రానికి పది ఇరవై రెట్లు. ఈ నిలువు క్షేత్రం మళ్లీ హాల్ కరెంటుగా తూర్పుకే పారుతుంది. ఫలితంగా తూర్పు పడమరల వాహకత మామూలు విలువను ఎన్నో రెట్లు దాటుతుంది. దీన్ని కౌలింగ్ వాహకత అంటారు. అయస్కాంత రేఖలు సరిగ్గా అడ్డంగా ఉన్నచోటే ఇది కుదురుతుంది, అందుకే ఈ పట్టీ వెడల్పు ఆరువందల కిలోమీటర్లే. 1963 నవంబరు 21న మన దేశపు తొలి రాకెట్టు ఎగరడానికి కేరళలోని తుంబాను ఎంచుకోవడం ఆ అయస్కాంత మధ్యరేఖ దగ్గరుందనే. చెన్నై, బెంగళూరు రెండూ 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర, పట్టీకి బయట ఉన్నాయి. పట్టీ కింద ఉన్న తిరునెల్వేలిలో అయస్కాంతమాపకం మధ్యాహ్నం చూపే పెరుగుదలనుంచి ముంబయి పక్కనున్న అలీబాగ్‌లోని పెరుగుదలను తీసేస్తే, పైన ఆ రోజు ప్రవాహం ఎంత గట్టిగా ఉందో నేలమీదే తెలిసిపోతుంది.